ఫీడ్ పంపు మీద బుడాన్ వేలు

చిలకలూరిపేట చుట్టుపక్కల డీజిల్ పికప్పు నడిపేవాళ్ళెవరైనా సరే, బండి మొరాయిస్తే ముందు బుడాన్ షెడ్డుకే వెళ్ళేవాళ్ళు. షెడ్డంటే పెద్ద హంగేమీ కాదు. జిన్నింగు మిల్లులు దాటాక రోడ్డుకు ఎడమ పక్కన నాలుగు రేకులు, ఒక పనిబల్ల, గుమ్మం ముందు ఒక బెంచీ, బెంచీ మీద పనీపాటా లేని నలుగురు. ఆ నలుగురూ రోజుకు రోజు మారుతుంటారు గాని, బెంచీ ఖాళీగా ఉండగా చూసినవాళ్ళు మాత్రం లేరు. ఒక్కో టీని అరగంట సేపు తాగుతూ, బుడాన్ చేసే ప్రతి పనికీ వ్యాఖ్యానం చెప్పడమే వాళ్ళ ఉద్యోగం. జీతం ఎవరిస్తారని అడక్కండి.

వాళ్ళు ముఖ్యంగా చూడ్డానికొచ్చేది బుడాన్ వేలిని. ట్యాంకులోని డీజిల్‌ను లాగి ఇంజనుకు అందించే చిన్న పంపు ఒకటి ప్రతి బండిలోనూ ఉంటుంది. ఫీడ్ పంపంటారు. గుప్పెట్లో ఇమిడిపోతుంది. బాగున్నన్నాళ్ళూ దాని ఊసు ఎవరూ ఎత్తరు. నీరసపడినా చప్పున చెప్పి చావదు. ఖాళీ బండిని హాయిగా నడిపిస్తుంది, బరువేసుకుని ఎత్తెక్కే సమయానికి చేతులెత్తేస్తుంది. బయటి నుంచి చూసి దాని సంగతి కనిపెట్టాలంటే మీటరు తగిలించి డీజిల్ ఎంత ఒత్తిడితో వస్తోందో చూడాలి. బుడాన్‌కు ఆ అవసరం ఉండేది కాదు. ఇంజను నడుస్తుండగా పంపు పైపు మీద కుడిచేతి చూపుడువేలు ఆనించి, కళ్ళు మూసుకుని, పది అంకెలు లెక్కపెట్టేవాడు. లోపల డీజిల్ కొట్టుకునే అదురు వేలికి తెలిసేది. కళ్ళు తెరిచి "ఇంకో నెల లాగుద్ది" అనో, "ఈ పూటే మార్చు" అనో చెప్పేవాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ మాట తప్పిపోయిన సందర్భాలు రెండో మూడో. అవి కూడా బెంచీ మీదివాళ్ళు తర్వాత తర్వాత ఒప్పుకోవడం మానేశారు.

ఈ ప్రాంతంలో ఫీడ్ పంపులు చావడానికి మనుషులే కారణమని బుడాన్ ఎప్పుడూ తిట్టేవాడు. ఇక్కడ మిరపకోతకు కూలీలను తీసుకెళ్ళే పికప్పుల్లో డీజిల్ పొలం రైతు పోయాలి. అది కట్టుబాటు. ఆ రైతు బంకుకు వెళ్ళడు. ట్రాక్టరు కోసం దొడ్లో దాచుకున్న క్యానులోంచి సరిగ్గా పోనురానూ సరిపడా కొలిచి పోస్తాడు. ఇవాళ ఒక రైతు క్యాను, రేపు ఇంకొకరిది. ఒక దాంట్లో నీళ్ళు, ఒక దాంట్లో ఇసుక, ఇంకో దాంట్లో నిరుడు పోసిన పురుగుమందు వాసన. ఆ మురికంతా పంపు నోట్లోంచే పోవాలి. "మనం తినే అన్నంలో రాయి తగిల్తే ఇల్లెగరగొడతామే, దానికి మాత్రం రోజూ మట్టి పెడతారురా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. మర్నాడు మళ్ళీ క్యానులోంచే పోసేవాళ్ళు.

ఇంత పేరున్న వేలికి రెండేళ్ళ క్రితం స్పర్శ పోయింది.

షుగరు వచ్చి అప్పటికి పదకొండేళ్ళు. మొదట పాదాల్లో తిమ్మిర్లు, తర్వాత చేతివేళ్ళ కొసల్లో. భార్య మౌలాబీకి తెలిసిన రోజు పొయ్యి మీది టీ గిన్నెను ఒట్టి చేత్తో దించి, తాపీగా గ్లాసుల్లో పోస్తున్నాడు. ఆమె గిన్నె లాక్కుని చూస్తే రెండు వేళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. ఆయన మాత్రం ఏమైందన్నట్టు ఆమె మొహంలోకి చూస్తున్నాడు.

"ఏందయ్యా ఇది! తెలవట్లేదా నీకు?" అంది మౌలాబీ.

"అరవమాక. బయట వింటారు."

"వింటే విననీ. చెయ్యి కాల్తంటే తెలవనోడివి, ఆ పంపులేం చూస్తన్నావు మరి?"

బుడాన్ మరుసటి వారం గుంటూరు వెళ్ళి ఒత్తిడి చూసే మీటరు ఒకటి కొనుక్కొచ్చాడు. గుండ్రటి బిళ్ళ, లోపల ముల్లు, చివర రబ్బరు గొట్టం. ఇంతవరకూ మెచ్చుకోవలసిందే. తెచ్చినవాడు దాన్ని బల్ల మీద పెట్టాలి గదా. న్యూస్‌పేపరులో చుట్టి సొరుగులో అడుగున దాచాడు. బెంచీ మీద ఎవరూ లేనప్పుడు వాడదామనుకున్నాడు. ఆ బెంచీ సంగతి మీకు ముందే చెప్పాను. రెండేళ్ళలో మీటరు బయటికొచ్చింది నాలుగు సార్లు. మిగతా బళ్ళన్నిటికీ బుడాన్ వేలు పెట్టి, కళ్ళు మూసుకుని, పది లెక్కపెట్టి, ఇంజను మోతను బట్టీ డ్రైవరు చెప్పిన దాన్ని బట్టీ ఊహించి చెబుతూ వచ్చాడు. అనుభవం ఉన్నవాడు కాబట్టి చాలాసార్లు ఊహ సరిపోయేది. సరిపోయిన ప్రతిసారీ అతని ధైర్యం పెరిగేది. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఈ ఫిబ్రవరిలో, మిరపకోతలు జోరుమీదుండగా, ఇమ్మానియేలు తన పికప్పు తీసుకొచ్చాడు. ఇమ్మానియేలుకు ముప్ఫై అయిదేళ్ళుంటాయి. అతని అక్క మహిమ కోతల ముఠాకు మేస్త్రి. ఏ రైతు పిలిచినా పద్ధెనిమిది మంది ఆడవాళ్ళను పోగేసి, తమ్ముడి బండిలో ఎక్కించి తీసుకెళ్ళేది. ఆ ముఠా చేలల్లోకి పోవాలంటే ఊరి రోడ్డు దాటి, ఎత్తు మీదున్న హైవే ఎక్కి, డివైడరు తెగిన చోట అడ్డంగా అవతలికి దాటాలి. రోజుకు రెండుసార్లు.

"మామా, సాయంత్రం పూట బండి లాగట్లా. ఎత్తెక్కేటప్పుడు గుండె పట్టేసినట్టు ఆగుద్ది, మళ్ళీ పోద్ది. వెనక ఆడాళ్ళుంటారు. నాకు బయ్యంగా ఉంది, నువ్వు చూడు" అన్నాడు ఇమ్మానియేలు.

బుడాన్ బానెట్టు ఎత్తించి, ఇంజను నడిపించి, పైపు మీద వేలు పెట్టాడు. ఏమీ తెలియలేదు. పంపు చచ్చిందో, చచ్చింది తన వేలో చెప్పుకోవడానికి అతని దగ్గర దారి లేదు. దారి సొరుగులో ఉంది, పది అడుగుల దూరంలో. బెంచీ మీద నలుగురూ టీ గ్లాసులు పట్టుకుని మెడలు చాచారు. అందులో ఒకడు పక్కవాడితో, "చూడు, ఇప్పుడు చెప్తాడు చూడు" అంటున్నాడు.

అంకెలు పది దాటి ఇరవైకి పోయాయి. సొరుగు లాగి ఆ కాగితం పొట్లం విప్పితే అయిదు నిమిషాల పని. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, సాయంత్రానికి పేటంతా తెలుస్తుంది. అంతకు మించి జరిగేదేమీ లేదు. బుడాన్ ఆ అంతమాత్రాన్ని భరించలేకపోయాడు.

"పంపు బెమ్మాండంగా కొట్టుకుంటంది. ఫిల్టరు చూద్దాం పట్టు" అన్నాడు.

ఫిల్టరు విప్పితే నల్లటి బురద వచ్చింది. రైతుల క్యానుల చలవ. దాన్ని చూడగానే బుడాన్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇదే అసలు రోగమని తనకు తానే చెప్పేసుకున్నాడు. కొత్త ఫిల్టరు వేశాక బండి గట్టిగా లాగింది కూడా. దారి శుభ్రపడితే నీరసపడిన పంపు కూడా కొన్నాళ్ళు నెట్టుకొస్తుందని బుడాన్‌కు తెలుసు. తెలిసిన దాన్ని ఆ పూట తెలుసుకోదలచుకోలేదు.

"మళ్ళీ రానక్కర్లేదా మామా?" అన్నాడు ఇమ్మానియేలు.

"పోరా, కోతలైపోయిందాకా చూసుకోనక్కర్లా" అన్నాడు బుడాన్.

నాలుగో రోజు సాయంత్రం అయిదింటికి, బాపయ్య అనే రైతు చేలో కోత ముగించుకుని, పద్ధెనిమిది మందితోనూ ఆరు టిక్కీల, అంటే గోనె బస్తాల, మిరపకాయతోనూ వస్తూ, పికప్పు హైవే మధ్యలో ఆగిపోయింది. ముందు చక్రాలు డివైడరు సందులో, వెనక భాగం మొత్తం రోడ్డు మీద. ఇమ్మానియేలు తాళం తిప్పుతూనే ఉన్నాడు. దూరంగా వస్తున్న లారీని ముందు చూసింది మహిమ. "దూకండే, దూకండి" అని అరుస్తూ ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి తోసింది. లారీ డ్రైవరు బ్రేకు వేశాడు, లారీ జారుకుంటూ వచ్చి పికప్పు వెనక మూలను కొట్టింది. అప్పటికి పద్ధెనిమిది మందీ దిగారు. చివరిది మహిమ. ఆమె కాలు తలుపుకీ టిక్కీలకీ మధ్య నలిగింది. మోకాలి కింద రెండుచోట్ల ఎముక విరిగింది.

ప్రాణాలు పోలేదని అందరూ దేవుళ్ళకు దణ్ణం పెట్టుకున్నారు. పెట్టుకున్న చేత్తోనే తప్పెవరిదో తేల్చారు. బండిలో డీజిల్ చూపించే ముల్లు ఎప్పుడో చెడిపోయింది కాబట్టి, డీజిల్ అయిపోయి ఆగిందన్నారు. "నేను పోనురానూ పోశాను, నా చేత్తో కొలిచి పోశాను. ఆ మిగిలింది ఎటు పోయిందో వాణ్ణే అడగండి" అన్నాడు బాపయ్య. రైతు పోసిన డీజిల్‌లో లీటరో రెండు లీటర్లో పక్కకు తీసి అమ్ముకునే డ్రైవర్లు లేకపోలేదు. ఆ మాట ఇమ్మానియేలుకు అంటుకుంది. డీజిల్‌కు కక్కుర్తిపడి అక్క కాలు విరగ్గొట్టాడని, తెల్లారేసరికి ముఠాలోని ఆడవాళ్ళే చెప్పుకుంటున్నారు.

ఆ తెల్లారే పికప్పును తాడు కట్టి బుడాన్ షెడ్డుకు లాక్కొచ్చారు. సంగతేమిటో బుడాన్ మేస్త్రి తేలుస్తాడన్నారు. వెనకే ఇమ్మానియేలు నడిచి వచ్చాడు. రాత్రంతా ఆసుపత్రిలో ఉన్నట్టున్నాడు, చొక్కా మీద రక్తం ఎండిపోయి ఉంది.

"మీరందరూ దూరంగా పోండి. నేను చూసి చెప్తాను" అన్నాడు బుడాన్. ముప్ఫై ఏళ్ళలో ఆ షెడ్డు రేకు తలుపు పగటిపూట మూయడం అదే మొదలు.

ముందు ట్యాంకు మూత తీసి పుల్ల ముంచాడు. ఊరు చేరడానికి సరిపోయి ఇంకా మిగిలేంత డీజిల్ ఉంది. తర్వాత సొరుగులోంచి పొట్లం తీశాడు. మీటరు తగిలించి, చేత్తో డీజిల్ ఎక్కించి, ఇంజను మొదలుపెట్టాడు. ముల్లు కొంచెం లేచి నిలబడింది. యాక్సిలరేటరు నొక్కాడు. బరువు లాగేటప్పుడు ఇంజను ఎక్కువ తాగుతుంది, బాగున్న పంపు దానికి తగ్గట్టు పోయాలి. ముల్లు కిందికి జారి సున్నా మీద పడింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ పడింది. ఇది నిన్నగాక మొన్న వచ్చిన జబ్బు కాదు. ఆ రోజు ఈ మీటరు పెట్టి ఉంటే ముల్లు ఇదే మాట చెప్పేది. బుడాన్ బండి మెట్టు మీద కూలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, ఏడుపు బయటికి వినపడకుండా.

కాసేపటికి లేచాడు. మీటరు విప్పి, మళ్ళీ కాగితంలో చుట్టి, సొరుగులో పెట్టి, తలుపు తీశాడు. బయట పాతికమంది ఉన్నారు. బాపయ్య ముందు వరసలోనే ఉన్నాడు.

"ట్యాంకులో డీజిల్ దండిగా ఉంది. ఇమ్మానియేలు చుక్క కూడా తియ్యలా. పంపు పోయింది. ఉన్నట్టుండి పోయింది. ఇట్టాంటివి ఎవరికీ ముందు తెలవవు" అన్నాడు.

ఎంత నున్నగా వచ్చిందో ఆ చివరి మాట. బాపయ్య తలొంచుకుని, "నేను అనుమానం మీద అన్నానయ్యా" అని గొణిగాడు. ఇమ్మానియేలు ముందుకొచ్చి బుడాన్ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, వెక్కి వెక్కి ఏడ్చాడు. "నువ్వు లేకపోతే నన్ను దొంగను చేసేవాళ్ళు మామా. నీ రుణం తీర్చుకోలేను" అన్నాడు. ఆ కుర్రాడి పట్టు బుడాన్ వేళ్ళకు తెలియలేదు. మొహం చూసి తెలుసుకున్నాడు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు గాని ముద్ద దిగలేదు. మౌలాబీకి ఊళ్ళోవాళ్ళ ద్వారా అంతా అందింది. ఎదురుగా కూర్చుని అడిగింది.

"పంపు ఒక్కరోజులో పోద్దా?"

"పోదు."

"మరి ఉన్నట్టుండి పోయిందని చెప్పావంట?"

"ఏం చెయ్యమంటావే? ఆ పిల్లోడి మీద పడ్డ నింద పోయింది. ఇంకొకరి మీద పడలా. అందరికీ బాగానే ఉందిగా."

"అందరికీ అంటే ఎవరయ్యా? ఆ మంచం మీద పడుకున్న ఆమెక్కూడానా?"

మౌలాబీ కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. బుడాన్ ఆమె తిడితే బాగుండుననుకున్నాడు.

మర్నాడు మొదటి బస్సుకు గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళాడు. ఏడు కాకముందే వార్డులో ఉన్నాడు. మహిమ కాలికి కట్టు కట్టి, చివర బరువు వేలాడదీసి ఉంది. ఆపరేషను ఇంకా కాలేదు. ఇమ్మానియేలు మంచం పక్కన నేల మీద కూర్చుని టీ చల్లారుస్తున్నాడు. బుడాన్‌ను చూసి గబుక్కున లేచాడు.

"అక్కా, చెప్పాను గదా, మామ. మామే లేకపోతే..."

"ఆగరా," అన్నాడు బుడాన్. నిలబడే చెప్పాడు. కూర్చుంటే చెప్పలేననుకున్నాడేమో. వేలికి స్పర్శ పోయిందని, మీటరు ఉండి కూడా బెంచీ మీదివాళ్ళ ముందు తీయడానికి సిగ్గుపడ్డానని, పంపు బాగుందని తెలియకుండానే చెప్పానని, నిన్న కూడా అబద్ధమే ఆడానని చెప్పాడు. చెప్పడం రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఇమ్మానియేలు టీ గ్లాసు కింద పెట్టాడు. "తెలవట్లేదురా, ఇంకోచోట చూపించుకో అంటే పోయేవాణ్ణి గదా మామా. ఆ ఒక్క మాట అంటే బండి తీసేవాణ్ణే కాదు" అని, మొహం తిప్పుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. బుడాన్ అతని వెనక వెళ్ళడానికి కదిలి, ఏ మొహంతో వెళ్ళాలో తెలియక ఆగిపోయాడు.

మహిమ ఇంతసేపూ పైకప్పు వైపు చూస్తోంది. తిడుతుందని, శపిస్తుందని సిద్ధపడే వచ్చాడు. ఆమె మాత్రం ముఠాలో హాజరు తీసుకునే గొంతుతో అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచి తెలవట్లేదన్నా వేలికి?"

"రెండేళ్ళు."

"రెండేళ్ళలో ఎన్ని బళ్ళకు బాగుందని చెప్పి పంపించావు?"

బుడాన్ ఆ లెక్క ఎప్పుడూ వేసుకోలేదు. రాత్రంతా ఒక్క బండి గురించే, ఒక్క కాలు గురించే కుమిలిపోయాడు. పాపమంతా ఒకచోట ఉంది, ఒప్పుకుంటే తీరుతుందనుకున్నాడు. కిటికీలోంచి ఎండ అప్పుడే లోపలికి వస్తోంది. కోతల బళ్ళు ఊళ్ళలోంచి బయల్దేరే వేళ. ఏ బండిలో ఎంతమంది ఎక్కుతారో, ఏ బండి ఎక్కడ హైవే దాటుతుందో అతనికి తెలుసు. జేబులోంచి ఫోను తీశాడు. వేళ్ళు సరిగా నొక్కలేక, రెండుసార్లు తప్పు నంబరుకు పోయి, మూడోసారికి, ఇంకో కోతల పికప్పు నడిపే వీరాంజనేయులుకు కలిసింది. దీపావళి ముందు అతని పంపు చూశాడు. ఇంకో ఏడాది ఢోకా లేదన్నాడు.

"ఆఁ మేస్త్రీ, రోడ్డు దాటతన్నా, ఒక్క నిమిషం" అని వీరాంజనేయులు ఫోను కట్ చేయకుండానే సీటు మీద పడేశాడు.

బుడాన్ ఫోను చెవికి అదిమి పెట్టుకున్నాడు. వెనక ఆడవాళ్ళు ఎవరినో ఆటపట్టిస్తూ పకపకా నవ్వుతున్నారు. గేరు పడింది. ఇంజను గొంతు పెరిగి, ఒక్కచోట తడబడింది. ఏదో లారీ పొడుగ్గా హారను కొట్టుకుంటూ దగ్గరికొస్తోంది. బుడాన్ "యా అల్లా, యా అల్లా" అంటూ వార్డు మధ్యలో వంగిపోయాడు. పక్క మంచాలవాళ్ళు లేచి చూస్తున్నారు. హారను దాటిపోయింది. ఇంజను మళ్ళీ సర్దుకుంది.

"చెప్పండి మేస్త్రీ, దాటేశాం. ఏంది పొద్దున్నే?"

"బండి పక్కకు తీసి ఆపు. అందరినీ దించెయ్."

"అదేంది? మీరేగా ఢోకా లేదన్నది?"

"అన్నాను. తెలవక అన్నాను. నా వేలికి ఏమీ తెలవదురా, రెండేళ్ళయింది. దించు, నడిపించి తీసుకుపో. సాయంత్రం కూడా నడిచే దాటమను. నేను మీటరు తీసుకుని వస్తన్నా."

వీరాంజనేయులు ఏదో బూతు తిట్టి ఫోను పెట్టేశాడు. తిట్టేముందు బ్రేకు వేసిన చప్పుడైతే వినిపించింది.

బుడాన్ ఫోను పట్టుకుని మంచం కమ్మీకి ఆనుకుని నిలబడ్డాడు. మహిమ అతని వైపు తల తిప్పింది. నొప్పికి కళ్ళలో నీళ్ళు నిలిచి ఉన్నాయి.

"తర్వాత ఎవరన్నా?" అంది.

బుడాన్ తర్వాతి నంబరు వెతకడం మొదలుపెట్టాడు.